మాజీ సైనికుల సేవా పత్రాలలో వ్యక్తిగత వివరాల సవరణ

మాజీ సైనికుల సేవా పత్రాలలో వ్యక్తిగత వివరాల సవరణ అనగా, భారత సైనిక దళాలలో పనిచేసి విడుదలైన వ్యక్తి పేరు, తండ్రి పేరు, జన్మతేది, భార్య పేరు, సంతానం వివరాలు, స్వగ్రామం మొదలగునవి సైనిక రికార్డులలో తప్పుగా నమోదైనపుడు వాటిని సరిచేయించుకొనే ప్రక్రియ. పింఛను, కుటుంబ పింఛను, వైద్య సదుపాయం, పిల్లల విద్యకు లభించే రాయితీలు మొదలైనవన్నీ ఈ వివరాలపైననే ఆధారపడి ఉంటాయి. తప్పు చిన్నదైనా, సైనికుడు జీవించి ఉన్నంత కాలం బయటపడకుండా ఉండి, అతని మరణానంతరం భార్య కుటుంబ పింఛనుకు దరఖాస్తు చేసుకొన్నపుడు పెద్ద అడ్డంకిగా మారే సందర్భాలు తరచుగా కనిపిస్తాయి.

ఈ విషయంలో గుర్తుంచుకోవలసిన ముఖ్య సూత్రం ఒకటి కలదు. సైనికుని వివరాలకు మూలం రికార్డు కార్యాలయంలోని సేవా పత్రం. పింఛను ఉత్తర్వు, బ్యాంకు ఖాతా, వైద్య సదుపాయపు కార్డు మొదలైనవి ఆ మూలాన్ని అనుసరించి తయారైనవి. మూలంలో తప్పును అలాగే ఉంచి మిగిలిన చోట్ల ఎన్నిసార్లు సరిచేయించినా ఆ తప్పు మరల తలయెత్తుతూనే ఉంటుంది.

సేవా పత్రాలు

సైన్యంలో చేరిన ప్రతి జవానుకు ఒక సేవా సంఖ్య కేటాయించబడుతుంది. ఈ సంఖ్య చివర ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది. ఒకే పేరు గల వారు ఒకే దళంలో ఎందరు ఉన్నా సేవా సంఖ్య మాత్రం ఒక్కొక్కరికి వేరుగా ఉంటుంది. అందువలన రికార్డు కార్యాలయానికి వ్రాసే ప్రతి ఉత్తరంలోను సేవా సంఖ్య, హోదా, పేరు ఈ వరుసలో వ్రాయడం ఆనవాయితీ.

వ్యక్తిగత వివరాలు ఉండే ముఖ్యమైన పత్రాలు ఇవి:

1. చేరిక పత్రం: సైన్యంలో చేరే రోజున అభ్యర్థి చెప్పిన వివరాలు, చూపిన ధ్రువపత్రాల ఆధారంగా పూర్తిచేసినది. అభ్యర్థి సంతకం గాని వేలిముద్ర గాని దీనిపై ఉంటుంది.
2. షీట్ రోల్: సైనికుని సర్వీసు మొత్తాన్ని నమోదు చేసే ప్రధాన పత్రం. జన్మతేది, విద్యార్హత, స్వగ్రామం, పదోన్నతులు, కుటుంబ వివరాలు ఇందులో ఉంటాయి.
3. కిండ్రెడ్ రోల్: భార్య, సంతానం, తల్లిదండ్రుల పేర్లు, జన్మతేదీలు గల కుటుంబ పట్టిక.
4. పార్ట్-2 ఆర్డరు: వివాహం, సంతానం కలగడం, మరణం మొదలైన మార్పులను ప్రకటిస్తూ యూనిట్ వెలువరించే ఉత్తర్వు. ఈ ఉత్తర్వు వెలువడినపుడే ఆ మార్పు రికార్డులోనికి ఎక్కుతుంది.
5. డిశ్చార్జి పుస్తకం: విడుదల సమయంలో సైనికుని చేతికి ఇచ్చే చిన్న పుస్తకం. చాలా కుటుంబాల వద్ద మిగిలే సైనిక పత్రం ఇదే.
6. పింఛను చెల్లింపు ఉత్తర్వు: దీనిని వాడుకలో పీపీఓ అంటారు. పింఛను మొత్తం, చెల్లింపు ఆరంభమగు తేది, భార్య పేరు, ఆమెకు రాబోయే కుటుంబ పింఛను వివరాలు ఇందులో ఉంటాయి. పూర్వం వెలువడిన పలు పీపీఓలలో భార్య పేరు ఉండేది కాదు. తరువాతి కాలంలో భార్యాభర్తల వివరాలను కలిపి ప్రకటించే పద్ధతి వచ్చినది. దీనిని జాయింట్ నోటిఫికేషన్ అంటారు.

పింఛను అర్హత లేకుండా విడుదలైన వారి సేవా పత్రాలను 25 సంవత్సరాల తరువాత ధ్వంసం చేయవచ్చునన్న నియమం కలదు. ఆ తరువాత సంక్షిప్త వివరాలు గల లాంగ్ రోల్ అనే పట్టిక మాత్రమే మిగులుతుంది. కావున అటువంటి వారు సవరణ విషయంలో ఎక్కువ కాలం వేచి ఉండడం మంచిది కాదు.

రికార్డు కార్యాలయాలు

సైన్యంలోని ఒక్కొక్క రెజిమెంటుకు లేక దళానికి ఒక్కొక్క రికార్డు కార్యాలయం ఉన్నది. సైనికుడు ఏ ఊరివాడైనను, ఎక్కడ పనిచేసినను, తన దళానికి చెందిన రికార్డు కార్యాలయమే అతని వివరాలకు అధికారం గల సంస్థ. వీటిలో కొన్ని:

* ఆర్డ్‌నెన్స్ కోర్, ఈఎంఈ కోర్: సికింద్రాబాదు
* మద్రాస్ రెజిమెంట్: వెల్లింగ్టన్ (తమిళనాడు)
* మద్రాస్ ఇంజనీర్ గ్రూప్: బెంగళూరు
* ఆర్టిలరీ: నాసిక్ రోడ్డు క్యాంపు
* సిగ్నల్స్: జబల్‌పూర్
* ఆర్మీ మెడికల్ కోర్: లక్నో
* డిఫెన్స్ సెక్యూరిటీ కోర్: కన్నూరు

నౌకాదళ నావికుల రికార్డులు ముంబైలోని బ్యూరో ఆఫ్ సైలర్స్ వద్ద, వైమానిక దళంలోని ఎయిర్‌మెన్ రికార్డులు కొత్త ఢిల్లీలోని సుబ్రతో పార్కులో గల వైమానిక దళ రికార్డు కార్యాలయంలో ఉంటాయి.

సైన్యం నుండి విడుదలైన తరువాత డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో తిరిగి చేరిన వారికి రెండు సేవా సంఖ్యలు, రెండు రికార్డు కార్యాలయాలు ఉంటాయి. ఒక చోట భార్య పేరు సరిగా ఉండి మరొక చోట తప్పుగా ఉండడం వీరి విషయంలో సాధారణం. ఇటువంటి వారు రెండు చోట్లా సరిచూచుకొనవలెను.

దోషాలు కలుగు విధము

పేరు

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఉత్తర భారతదేశంలో కుటుంబ నామం చివర వస్తుంది. పాఠశాల ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండి, సైనిక రికార్డులో పూర్తిగా ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు, లేదా ఇంటిపేరే అసలు పేరుగా నమోదై ఉండవచ్చు. తెలుగు పేర్ల ఉచ్చారణ తెలియని గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసుకొన్నపుడు వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకటేశ్ అనే మూడు పేర్లూ ఒకే వ్యక్తికి వచ్చిపడుతాయి.

ఆంగ్ల వర్ణక్రమం మరొక కారణం. 'త' అనే అక్షరాన్ని తెలుగువారు ఆంగ్లంలో టి, హెచ్ అనే రెండు అక్షరాలతో వ్రాస్తారు. ఉత్తరాదివారు కేవలం టి అక్షరంతో వ్రాస్తారు. కాబట్టి లలిత, సీత, అనంతమ్మ వంటి పేర్లు తెలుగులో ఒక్కటే అయినా ఆంగ్లంలో రెండు విధాలుగా కనిపిస్తాయి. మనిషికి ఇది తప్పుగా తోచదు. గణక యంత్రం మాత్రం వీటిని ఇద్దరు వేర్వేరు వ్యక్తుల పేర్లుగా లెక్కిస్తుంది.

జన్మతేది

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినది. అంతకు ముందు పుట్టినవారిలో, ముఖ్యంగా గ్రామాలలో, జనన ధ్రువపత్రం ఉన్నవారు అరుదు. పాఠశాలలో చేర్చే సమయంలో తల్లిదండ్రులు "పెద్ద వాన కురిసిన ఏడు", "దసరా వెళ్ళిన వారం" అని చెప్పిన గుర్తులను బట్టి ఉపాధ్యాయుడు ఒక తేదీని నిర్ణయించి అడ్మిషన్ రిజిస్టరులో వ్రాసేవాడు. జూన్ 1, జూలై 1 తేదీలలో పుట్టినవారు పాత రిజిస్టర్లలో అసాధారణంగా ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఆ తేదీయే పదవ తరగతి ధ్రువపత్రంలోనికి, దాని నుండి సైన్యపు చేరిక పత్రంలోనికి ప్రవహించినది. చదువు లేకుండా చేరినవారికి చేరిక సమయంలో చెప్పిన వయస్సును బట్టి తేదీ నిర్ణయమైనది.

భార్య, సంతానం వివరాలు

దోషాలు అధికంగా కనిపించేది ఈ భాగంలోనే. సెలవుపై వచ్చి పెండ్లి చేసుకొని తిరిగి వెళ్ళిన జవాను యూనిట్‌లో చెప్పిన పేరు ఒకటి, ఊరిలో ఆమెను పిలిచే పేరు మరొకటి, రేషను కార్డులో ఉన్నది ఇంకొకటి కావచ్చు. లక్ష్మి, లక్ష్మమ్మ, లక్ష్మీదేవి అనునవి మన ఊళ్ళలో ఒకే ఇల్లాలి పేర్లుగా చెల్లుతాయి. రికార్డులలో చెల్లవు. కొన్ని వంశాలలో పెండ్లి అయిన తరువాత కోడలి పేరు మార్చే ఆచారమున్నది. పుట్టింటి ఇంటిపేరుతో చదువుకున్న ధ్రువపత్రాలు, అత్తింటి ఇంటిపేరుతో ఆధార్ కార్డు ఉండడం అందరికీ తెలిసినదే. భార్య జన్మతేది తెలియనపుడు సుమారు వయస్సు వేసి, దాని నుండి జనవరి 1గా లెక్కించిన సందర్భాలు కలవు. పిల్లలు పుట్టినపుడు పార్ట్-2 ఆర్డరు వేయించడం మరచిన వారు కూడా ఉన్నారు.

స్వగ్రామం

ఇది చాలావరకు దోషం కాదు, కాలం తెచ్చిన మార్పు. 1985లో ఆంధ్ర ప్రదేశ్‌లో మండలాలు ఏర్పడక ముందు చేరిన వారి పత్రాలలో తాలూకా పేరు ఉంటుంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. తెలంగాణలో 2016లోను, ఆంధ్ర ప్రదేశ్‌లో 2022లోను జిల్లాల పునర్విభజన జరిగినది. ఒకే ఇంటిలో పుట్టి పెరిగిన సైనికుని చిరునామా ఈ విధంగా మూడు నాలుగు రూపాలలో కనిపించవచ్చు. ప్రభుత్వ ఉత్తర్వుల వలన వచ్చిన ఈ మార్పులకు తహసీల్దారు ధ్రువీకరణ సాధారణంగా సరిపోతుంది.

దోషాల పర్యవసానాలు

సైనికుడు జీవించి ఉన్నంత కాలం పింఛను అతని పేరిటే వస్తుంది గనుక భార్య వివరాలలోని తప్పు కనబడదు. అతడు మరణించిన తరువాత ఆమె తన ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా పత్రాలతో దరఖాస్తు చేసుకొన్నపుడు, పీపీఓలో ఉన్న పేరు వేరు కావడం వలన ఆమె ఆ సైనికుని భార్యయేనని నిరూపించుకోవలసి వస్తుంది. పత్రాలు వచ్చిపోయే కాలంలో ఆమెకు ఆదాయం ఉండదు. కుటుంబ పింఛను మంజూరైన తరువాత బకాయిలు చెల్లిస్తారు గాని, మధ్యలో గడిచిన నెలల ఇబ్బంది తీరేది కాదు.

జన్మతేదీలోని తప్పు వలన కలిగే నష్టం మరొక విధమైనది. ఆరవ వేతన సంఘం సిఫారసుల ప్రకారం, 80 సంవత్సరాలు నిండిన పింఛనుదారులకు మరియు కుటుంబ పింఛనుదారులకు మూల పింఛనుపై 20 శాతం, 85 నిండినవారికి 30 శాతం, 90 నిండినవారికి 40 శాతం, 95 నిండినవారికి 50 శాతం, 100 నిండినవారికి 100 శాతం అదనంగా లభిస్తుంది. ఒక వితంతువు మూల కుటుంబ పింఛను 9,000 రూపాయలు అనుకొందాము. 80వ ఏట ఆమెకు నెలకు 1,800 రూపాయలు అదనంగా రావలెను. రికార్డులో ఆమె వయస్సు నాలుగేండ్లు తక్కువగా పడినచో, 48 నెలలకు 86,400 రూపాయలు, దానిపై కరువు భత్యము ఆమెకు అందవలసిన కాలంలో అందవు.

పిల్లల పేర్లు రికార్డులో లేనిచో మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్ఎస్) కార్డు, విద్యా ఉపకార వేతనాలు పొందడంలో చిక్కులు కలుగుతాయి. ఈ వైద్య పథకం 2003 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. తల్లిదండ్రులిద్దరూ గతించిన తరువాత అంగవైకల్యం గల సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను లభించే అవకాశం కలదు. ఆ సంతానం పేరు కిండ్రెడ్ రోల్‌లో లేకపోతే, సాక్ష్యం చెప్పగల తల్లిదండ్రులు లేని స్థితిలో, నిరూపణ భారం అంతా ఆ నిస్సహాయునిపై పడుతుంది.

సవరణ విధానం

రికార్డు కార్యాలయం మొదట చూచేది, జరిగినది వ్రాతపొరపాటా లేక వివరమే మార్పు కావలెనా అన్నది. చేరిక పత్రంలో సరిగా ఉండి, తరువాతి పత్రాలలో తప్పుపడినచో అది వ్రాతపొరపాటు. దీనిని సరిచేయడం సులభం. చేరిక పత్రంలోనే ఆ విధంగా ఉండి, ఇప్పుడు వేరుగా కావలెనని కోరినచో అది మార్పు. దీనికి గట్టి సాక్ష్యం కావలెను. దరఖాస్తుదారుడు తన విషయం ఏ కోవకు చెందినదో ముందుగా తెలిసికొని, ఆ మాటనే దరఖాస్తు మొదటి వాక్యంలో వ్రాయడం మేలు.

సాధారణంగా అనుసరించే క్రమం ఇది:

1. డిశ్చార్జి పుస్తకం, పీపీఓ, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా పుస్తకం, ఈసీహెచ్ఎస్ కార్డులను పక్కపక్కన పెట్టి, ఒక కాగితంపై ప్రతి పేరును ఆంగ్లంలో అక్షరం అక్షరంగా, ప్రతి తేదీని అంకెలతో వ్రాసుకొనవలెను. తేడాలు ఇక్కడనే బయటపడుతాయి.
2. పౌర పత్రాలలో తప్పు ఉన్నచో, ఉదాహరణకు ఆధార్‌లో తప్పు ఉండి సైనిక రికార్డు సరిగా ఉన్నచో, ఆధార్‌నే సరిచేయించుకొనవలెను. సరిగా ఉన్న సైనిక రికార్డును తప్పుగా ఉన్న ఆధార్‌కు అనుగుణంగా మార్పించడం కొత్త చిక్కులకు దారితీస్తుంది.
3. సైనిక రికార్డులో తప్పు ఉన్నచో రికార్డు కార్యాలయానికి దరఖాస్తు చేయవలెను. సేవా సంఖ్య, హోదా, పేరు, పీపీఓ సంఖ్య, ఇప్పుడు ఉన్న వివరం, ఉండవలసిన వివరం స్పష్టంగా వ్రాయవలెను.
4. దరఖాస్తుతో మేజిస్ట్రేటు లేక నోటరీ ఎదుట చేసిన ప్రమాణ పత్రం, ఆధారపు పత్రాల నకళ్ళు, భార్యాభర్తల ఉమ్మడి ఛాయాచిత్రం జతపరచవలసి ఉంటుంది. ప్రమాణ పత్రపు నమూనా రికార్డు కార్యాలయం నుండి గాని సైనిక సంక్షేమ కార్యాలయం నుండి గాని తెచ్చుకొని, అదే నమూనాలో వ్రాయించవలెను.
5. పేరు పూర్తిగా మారినపుడు దినపత్రికలలో ప్రకటన, రాజపత్రంలో ప్రచురణ కూడా అడుగవచ్చు.
6. ఆంధ్ర ప్రదేశ్‌లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, తెలంగాణలో ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం పత్రాలను పరిశీలించి, సంతకం చేసి, రికార్డు కార్యాలయానికి పంపుతాయి. దీనికి రుసుము చెల్లించనవసరం లేదు.
7. రికార్డు కార్యాలయం అంగీకరించినచో సేవా పత్రంలో సవరణ నమోదు చేసి, పింఛను మంజూరు అధికారికి తెలియజేస్తుంది. అక్కడి నుండి సవరించిన పీపీఓ వెలువడుతుంది. దీనిని కొరిజెండం పీపీఓ అంటారు. సైన్యానికి సంబంధించి ఈ అధికారి ప్రయాగరాజ్‌లోని (పూర్వపు అలహాబాదు) రక్షణ పద్దుల ప్రధాన నియంత్రణాధికారి (పింఛన్లు).

కొరిజెండం వచ్చిన తరువాత పాత పీపీఓను పారవేయరాదు. రెండింటినీ కలిపి భద్రపరచవలెను. కొరిజెండం మారిన అంశాన్ని మాత్రమే చెబుతుంది; మిగిలిన వివరాలకు పాత ఉత్తర్వే ఆధారం.

"ఇద్దరూ ఒక్కరే" అని తహసీల్దారు లేక నోటరీ ఇచ్చే ధ్రువీకరణ విషయంలో ఒక అపోహ ఉన్నది. ఇది రెండు పేర్ల మధ్య వంతెన వంటిది మాత్రమే. దీనిని బ్యాంకులో చూపించి తాత్కాలికంగా పని జరుపుకోవచ్చు గాని, దీని వలన సేవా పత్రం మారదు. ఆ ధ్రువీకరణను రికార్డు కార్యాలయానికి పంపి సవరణ నమోదు చేయించినపుడే ప్రయోజనం నెరవేరుతుంది.

జన్మతేది సవరణపై పరిమితులు

భార్యాపిల్లల వివరాల సవరణకు ప్రభుత్వం ఉదారంగా ఉంటుంది. సైనికుని సొంత జన్మతేది విషయంలో అట్లు కాదు. పదోన్నతి, పదవీ విరమణ జన్మతేదీపై ఆధారపడి ఉండడం వలన, ఒకరి తేది మారినచో ఇతరుల అవకాశాలు కూడా మారుతాయి. అందువలన సర్వీసులో చేరిన తొలి సంవత్సరాలలోనే అభ్యంతరం చెప్పవలెనని నియమం. కేంద్ర ప్రభుత్వ పౌర ఉద్యోగులకు ఈ గడువు ఐదు సంవత్సరాలుగా 1979లో నిర్ణయించబడినది. 1993లో భారత ప్రభుత్వం - హర్నాం సింగ్ కేసులో సుప్రీం కోర్టు, సుదీర్ఘ కాలం మిన్నకుండి పదవీ విరమణ చేరువలో జన్మతేది మార్చమని కోరడాన్ని అంగీకరించలేదు.

ఈ విషయమై దేశంలో అత్యధికంగా చర్చ జరిగిన ఉదంతం సైన్యాధిపతి జనరల్ వి.కె.సింగ్‌ది. ఆయన మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం ప్రకారం జన్మతేది 1951 మే 10. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ప్రవేశానికి 1965లో సమర్పించిన దరఖాస్తులో 1950 మే 10 అని పడినది. సైనిక ప్రధాన కార్యాలయంలోని ఎడ్జుటెంట్ జనరల్ శాఖ రికార్డులలో 1951 అనియు, మిలిటరీ సెక్రటరీ శాఖ రికార్డులలో 1950 అనియు దశాబ్దాల పాటు రెండు తేదీలు కొనసాగినవి. ఆయన చేసిన ఫిర్యాదును ప్రభుత్వం 2011 డిసెంబరులో తిరస్కరించగా, 2012 జనవరిలో ఆయన సుప్రీం కోర్టును ఆశ్రయించారు. 2012 ఫిబ్రవరి 10న న్యాయస్థానం జోక్యానికి సుముఖత చూపకపోవడంతో పిటిషను ఉపసంహరించుకొన్నారు. 1950నే ప్రాతిపదికగా 2012 మే 31న పదవీ విరమణ చేశారు. ఒక దరఖాస్తులోని ఒక్క అంకె సైన్యాధిపతి పదవిలోని వ్యక్తిని కూడా దాదాపు అర్ధ శతాబ్దం తరువాత న్యాయస్థానం వరకు తీసికొనిపోయినదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఆధార్ కార్డులోని తేదీని చూపి జన్మతేది మార్చమని కోరడం వలన సాధారణంగా ఫలితం ఉండదు. ఆధార్ గుర్తింపునకే గాని జన్మతేదీకి నిర్ధారక సాక్ష్యం కాదని 2024 అక్టోబరులో సుప్రీం కోర్టు కూడా ఒక తీర్పులో పేర్కొన్నది. పాఠశాల ధ్రువపత్రానికే అధిక విలువ.

సైనికుని మరణానంతరం

భర్త మరణించిన తరువాత తప్పు బయటపడినచో, దరఖాస్తు చేయవలసినది భార్య. ఆమెకు మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువీకరణ, తన గుర్తింపు పత్రాలు, ప్రమాణ పత్రం అవసరమవుతాయి. భర్త సంతకం చేసిన పాత పత్రాలు, సంతానం పాఠశాల ధ్రువపత్రాలలోని తల్లి పేరు, ఓటర్ల జాబితా, కుటుంబ ఛాయాచిత్రాలు, భర్త యూనిట్ నుండి వ్రాసిన ఉత్తరాలు ఇవన్నీ సాక్ష్యంగా ఉపయోగపడగలవు. గ్రామంలో భర్తతో పాటు పనిచేసిన ఇతర మాజీ సైనికుల వాంగ్మూలానికి విలువ ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరంగా ప్రసిద్ధి చెందిన మాధవరం వంటి సైనికుల గ్రామాలలో ఇటువంటి సాక్షులు దొరకడం తేలిక. ఒక్క సైనికుడే ఉన్న గ్రామంలో ఇది కష్టం.

వృద్ధురాలైన వితంతువుకు జన్మతేది నిరూపించే పత్రం లేనిచో పాన్ కార్డు, పాస్‌పోర్టు, మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం వంటివాటిలో ఉన్నదానిని చూపవచ్చు. పత్రాలలో పరస్పర విరుద్ధమైన తేదీలు ఉన్నపుడు అన్నిటినీ పంపడం వలన అనుమానం పెరుగుతుంది. ముందు పౌర పత్రాలను ఒకే తేదీకి తెచ్చుకొని పిమ్మట దరఖాస్తు చేయడం ఉత్తమం.

స్పర్శ్ పద్ధతి

రక్షణ పింఛన్ల కొరకు స్పర్శ్ అనే కంప్యూటరు వ్యవస్థ 2021 నుండి దశలవారీగా అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వం పింఛను బ్యాంకుల ద్వారా, రక్షణ పింఛను చెల్లింపు కార్యాలయాల ద్వారా లెక్కించి చెల్లించేవారు. స్పర్శ్‌లో ప్రయాగరాజ్ కార్యాలయం నుండి నేరుగా పింఛనుదారుని ఖాతాకు జమ అవుతుంది.

పాత పింఛనుదారుల వివరాలను ఈ వ్యవస్థలోనికి మార్చినపుడు అప్పటి వరకు కాగితాలలో దాగి ఉన్న తేడాలు ఒక్కసారిగా బయటపడినవి. అంతకు ముందు బ్యాంకు గుమాస్తా పింఛనుదారుని ముఖం చూచి పోల్చుకొనేవాడు. ఇప్పుడు పేరు, ఆధార్, పాన్ వివరాలను యంత్రం పోల్చుతుంది. మరొక వైపున, తన రికార్డులో ఏమున్నదో పింఛనుదారుడు ఇంటి నుండే చూచుకొనే వీలు కలిగినది ఈ వ్యవస్థ వలననే.

చిరునామా, దూరవాణి సంఖ్య వంటివి పింఛనుదారుడు సులభంగా మార్చుకోవచ్చు. పేరు, జన్మతేది, భార్య వివరాల మార్పును మాత్రం రికార్డు కార్యాలయం పరిశీలించి ఆమోదించవలెను. కంప్యూటరు వాడుక తెలియనివారు గ్రామాలలోని కామన్ సర్వీస్ సెంటర్లు, కొన్ని బ్యాంకు శాఖలలోని స్పర్శ్ సేవా కేంద్రాల సహాయం తీసికొనవచ్చు. సంకేత పదము, దూరవాణికి వచ్చే ఓటీపీ ఇతరులకు చెప్పరాదు. పింఛనుదారులను మోసగించేవారు "మీ వివరాలు సరిచేస్తాము" అనే మాటతోనే ఫోను చేస్తారు.

ఫిర్యాదు మరియు అప్పీలు

దరఖాస్తుకు సమాధానం రానిచో అందుబాటులో ఉన్న మార్గాలు:

* సమాచార హక్కు చట్టం, 2005: తన సేవా పత్రాల నకళ్ళను, దరఖాస్తు ఏ దశలో ఉన్నదన్న వివరాన్ని 10 రూపాయల రుసుముతో కోరవచ్చు. 30 రోజులలో సమాధానం ఇవ్వవలెను. చేరిక పత్రపు నకలు చేతికి వచ్చినచో తప్పు ఎక్కడ మొదలైనదో తెలుస్తుంది.
* రక్షా పెన్షన్ సమాధాన్ ఆయోజన్ (పూర్వపు రక్షా పెన్షన్ అదాలత్): రక్షణ పద్దుల శాఖ వివిధ నగరాలలో నిర్వహించే సమావేశం. పింఛను సమస్యలను అక్కడికక్కడే పరిశీలిస్తారు.
* కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల విభాగం: మాజీ సైనికుల సంక్షేమ శాఖకు ఈ మార్గంలో ఫిర్యాదు పంపవచ్చు. ఈ శాఖ రక్షణ మంత్రిత్వ శాఖలో భాగంగా 2004లో ఏర్పడినది.
* సాయుధ దళాల ట్రిబ్యునల్: 2007 నాటి చట్టం క్రింద ఏర్పడి 2009 నుండి పనిచేయుచున్నది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వారికి చెన్నై శాఖ పరిధి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోపు దరఖాస్తు చేయవలెను. కావున రికార్డు కార్యాలయం తిరస్కరించిన ఉత్తరాన్ని, దాని కవరుతో సహా, తేదీ కనబడునట్లు భద్రపరచవలెను.

ఇతర దేశాలలో

అమెరికాలో విడుదల సమయంలో ఇచ్చే ముఖ్య పత్రాన్ని డీడీ-214 అంటారు. అందులో దోషం ఉన్నచో మూల పత్రాన్ని మార్చక, డీడీ-215 అనే సవరణ పత్రాన్ని వేరుగా ఇస్తారు. ఇది మన కొరిజెండం పీపీఓను పోలినది. పెద్ద సవరణలను పరిశీలించడానికి 1946 నాటి చట్టం ఆధారంగా ఏర్పడిన సవరణ బోర్డులు కలవు. దోషం తెలిసిన మూడు సంవత్సరాలలోపు దరఖాస్తు చేయవలెనని నియమమున్నను, న్యాయం కోరినచో బోర్డు ఆ గడువును సడలించవచ్చు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ నగర శివారులోని జాతీయ రికార్డు కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 160 నుండి 180 లక్షల సేవా పత్రాలు దగ్ధమైనవి. అప్పటి నుండి ఆ కాలపు మాజీ సైనికులు తమ ఇండ్లలోని పత్రాలనే ఆధారంగా చూపవలసి వచ్చినది. బ్రిటన్‌లో 1940 సెప్టెంబరులో లండన్‌పై జరిగిన బాంబు దాడిలో మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల పత్రాలలో అధిక భాగం కాలిపోయినవి. ప్రభుత్వ భాండాగారంలోని పత్రం శాశ్వతమని భావించి ఇంటి నకలును నిర్లక్ష్యం చేయరాదని ఈ రెండు సంఘటనలు చెబుతున్నవి.

మాజీ సైనికులు పాటించదగిన జాగ్రత్తలు

* పీపీఓలో భార్య పేరు, జన్మతేది ఉన్నవో లేవో, ఆధార్‌తో అక్షరాలా సరిపోవుచున్నవో చూచుకొనవలెను. ఈ పని భర్త జీవించి ఉండగా ఒక దరఖాస్తుతో జరుగుతుంది. తరువాత భార్యకు అది నెలల తరబడి తిరుగుడు అవుతుంది.
* భార్యకు భర్త సేవా సంఖ్య, రికార్డు కార్యాలయం పేరు, పీపీఓ సంఖ్య తెలిసి ఉండవలెను. వీటిని ఒక కాగితంపై తెలుగులో వ్రాసి ఇంటిలో అందరికీ తెలిసిన చోట ఉంచడం మంచిది.
* భార్యాభర్తల పేరిట ఉమ్మడి బ్యాంకు ఖాతా, పీపీఓలోని పేరుతోనే ఉండవలెను.
* సంతానం వివాహం, భార్య మరణం, పునర్వివాహం వంటి మార్పులను వెంటనే రికార్డు కార్యాలయానికి తెలియజేయవలెను.
* మూల పత్రాలను ఎవరికీ పంపరాదు. నకళ్ళు మాత్రమే పంపి, తపాలా రసీదును దాచుకొనవలెను.
* లేని వివాహాన్ని, తప్పుడు వయస్సును సవరణ పేరిట నమోదు చేయించడం నేరం. అక్రమంగా పొందిన పింఛనును ప్రభుత్వం తిరిగి వసూలు చేస్తుంది.